కొన్న కారు మళ్ళీ అమ్మొద్దంటే? షరతు కోటీశ్వరుడికి, చిక్కు పేరిచ్చినవాడికి

2025 అక్టోబరులో స్కోడా కంపెనీ ఆక్టేవియా ఆర్‌ఎస్ అనే కారును మన దేశానికి తెచ్చింది. తెచ్చింది 100 బండ్లు మాత్రమే. ధర 49.99 లక్షలు, అదీ ఎక్స్ షోరూం. ఆ ధర బయటికి చెప్పకముందే వందకు వందా బుక్ అయిపోయాయి. అంతకు కొన్ని నెలల ముందు, మే నెలలో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకు వచ్చింది. దానికీ మొదటి విడతలో 150 బండ్లే. వంద, నూటయాభై అంటే విజయవాడకు కాదు, దేశం మొత్తానికి. బెజవాడ వాటాకు ఒకటి దొరికినా గొప్పే.

సరుకు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఇలాంటి చోట ఒక కొత్త వ్యాపారం పుడుతుంది. ఎలాగోలా ముందు వరసలో నిలబడి బండి తీసుకోవడం, నెల తిరక్కముందే పైన నాలుగు లక్షలో పదిలక్షలో వేసుకుని అమ్మేయడం. దీన్ని ఆపడానికి విదేశాల్లో కంపెనీలు, డీలర్లు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. ‘ఏడాది దాకా ఈ బండి అమ్మను. అమ్మాలంటే ముందు మీకే చెప్తాను.’ డబ్బు మొత్తం కట్టి, తాళాలు చేతికొచ్చి, ఆర్‌సీ మీద మన పేరు పడిన తర్వాత కూడా బండి అమ్ముకునే హక్కు మనకు లేదా అన్నది ప్రశ్న.

ఇదంతా డబ్బున్నవాళ్ళ గొడవ, మన ఇళ్ళకు దీంతో ఏం పని అనిపించడం సహజం. పని ఉంది. ఈ షరతు రాసేది కంపెనీ, దాన్ని దాటాలనుకునేది కోటీశ్వరుడు. కానీ దాటడానికి వాడుకునేది ఎవరి పేరు, ఎవరి ఆధార్, ఎవరి పాన్ కార్డు అని చూస్తే లెక్క మారిపోతుంది. ఆటోనగర్‌లో పనిచేసే మెకానిక్, వించిపేటలో ఉండే డ్రైవర్, సెకండ్ హ్యాండ్ బండ్ల మీద కమీషన్‌తో బతికే బ్రోకర్ ఈ కథలోకి వచ్చేది అక్కడే.

వంద బండ్లే ఎందుకు?

ముందు కొరత ఎక్కడ నుంచి వచ్చిందో చూద్దాం. బయట దేశంలో తయారైన కారును ఇక్కడ అమ్మాలంటే, ఇక్కడి పరీక్షా కేంద్రాల్లో దాన్ని నిలబెట్టి, గుద్ది చూసి, పొగ కొలిచి సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి ఖర్చు, కాలం రెండూ ఎక్కువే. 2018లో కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒక కంపెనీ ఏడాదికి 2,500 బండ్ల దాకా, అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపోతే చాలు, ఇక్కడ మళ్ళీ ఆ పరీక్షలన్నీ లేకుండా తెచ్చుకోవచ్చు. కంపెనీలు ఆ కోటాలోనే ఇలాంటి ‘మోజు కార్లు’ కొద్దికొద్దిగా తెస్తాయి. కాబట్టి కొరత పూర్తిగా నాటకం కాదు. అయితే వంద మాత్రమే అని చెప్పడంలో ఉన్న ఆకర్షణ కంపెనీకి తెలియనిదీ కాదు.

కొరత లేని బండికి కూడా మన దగ్గర క్యూ కొత్త కాదు. 2022 జులై 30న మహీంద్రా స్కార్పియో ఎన్ బుకింగులు తెరిస్తే అరగంటలో లక్ష దాటాయి. 2024 అక్టోబరు 3న థార్ రాక్స్‌కు గంటలో 1,76,218 బుకింగులు వచ్చాయని కంపెనీయే ప్రకటించింది. ఇంత జనం ఎగబడినప్పుడు అందులో నిజంగా నడుపుకునేవాళ్ళు ఎంతమంది, బుకింగ్ కాగితాన్నే అమ్ముకోవాలని చూసేవాళ్ళు ఎంతమంది అన్నది డీలర్లకు బాగా తెలుసు. అందుకే చాలా కంపెనీల బుకింగ్ షరతుల్లో ‘ఈ బుకింగ్ ఇంకొకరి పేరుకు మార్చకూడదు’ అన్న మాట కనిపిస్తుంది. విదేశాల్లో బండి మీద పెట్టిన తాళాన్ని మన దగ్గర ఎక్కువగా బుకింగ్ మీద పెట్టారన్నమాట.

పాత తరానికి ఇది కొత్తేమీ కాదు. స్కూటర్ కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన జమానా ఉంది. పెళ్ళికి బుక్ చేస్తే పిల్లాడు బడికెళ్ళే వేళకు చేతక్ వచ్చిందని ఇళ్ళల్లో నవ్వుకునేవాళ్ళు. ఆ రోజుల్లో కార్ల పంపిణీకి 1959లో, స్కూటర్లకు 1960లో కేంద్రం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చింది. కోటాలో బండి తెచ్చుకుని వెంటనే బ్లాక్‌లో అమ్ముకోకుండా ఆంక్షలు పెట్టింది. ‘ఆన్’ అనే మాట అప్పటిదే. షోరూం ధర మీద పైన ఇచ్చే డబ్బు. అప్పుడు తాళం వేసింది సర్కారు. ఇప్పుడు వేస్తున్నది కంపెనీ. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చట్టం దృష్టిలో చాలా పెద్దది.

రెజ్లర్ కొన్న కారు

ఈ షరతు ప్రపంచానికి తెలిసింది ఒక సినిమా నటుడి వల్ల. ఫోర్డ్ కంపెనీ జీటీ అనే స్పోర్ట్స్ కారు తయారు చేసింది. డబ్బుంటే చాలదు, దరఖాస్తు పెట్టుకోవాలి, కంపెనీ ఎంపిక చేయాలి. ఎంపికైనవాళ్ళు రెండేళ్ళు అమ్మకూడదు. డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీల్లో పిల్లలందరికీ తెలిసిన జాన్ సీనా 2017లో ఆ కారు తీసుకున్నాడు. ధర నాలుగు లక్షల అరవై మూడు వేల డాలర్ల పైమాటే. నెల తిరక్కముందే అమ్మేశాడు. ఆ ఏడాది నవంబరు ఆఖరులో ఫోర్డ్ మిషిగన్ కోర్టులో దావా వేసింది. 2018 జూన్‌లో రాజీ కుదిరింది. సీనా క్షమాపణ చెప్పాడు, కొంత సొమ్ము ఇచ్చాడు, అది ధర్మకార్యాలకు వెళ్ళింది.

అందరికీ గుర్తుండిపోయింది ఈ కథే. కానీ అసలు పాఠం రెండో కేసులో ఉంది. 2018 మేలో ఇంకొక ఫోర్డ్ జీటీ ఇండియానాపొలిస్‌లో వేలానికి వచ్చింది. అమ్మకానికి పెట్టినవాడు ఫోర్డ్ దగ్గర కొన్న మొదటి మనిషి కాదు, అతని దగ్గర కొన్న రెండో మనిషి. ఫోర్డ్ కోర్టుకెళ్ళి వేలం ఆపమంది. కోర్టు ఆపలేదు. సంతకం పెట్టినవాడు మొదటివాడు, రెండోవాడు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. బండి పదహారున్నర లక్షల డాలర్లకు పోయింది. తర్వాత ఫోర్డ్ ఆ వేలం సంస్థతో ఒప్పందం చేసుకుని, గడువు తీరని జీటీలను వేలానికి పెట్టకుండా చూసుకుంది. కోర్టు చేయనిది బేరంతో చేయించుకుందన్నమాట.

మిగతా కంపెనీలు దీన్ని చూసి తెలివి తెచ్చుకున్నాయి. జనరల్ మోటార్స్ 2022లో కోర్టు దారి వదిలేసి వారంటీని పట్టుకుంది. కార్వెట్ జడ్‌06, హమ్మర్ ఎలక్ట్రిక్ వంటి బండ్లను ఏడాదిలోపు అమ్మితే వారంటీ చెల్లదు, అలా అమ్మినవాళ్ళకు మళ్ళీ గిరాకీ మోడళ్ళు బుక్ చేసుకునే వీలుండదు అంది. జడ్‌06ను ఏడాది ఉంచుకుంటే మాత్రం ఐదు లక్షల రివార్డు పాయింట్లు. అక్కడి లెక్కలో ఐదు వేల డాలర్లు. టెస్లా 2023 నవంబరులో సైబర్‌ట్రక్కుకు ఇంకా గట్టిగా రాసింది. మొదటి ఏడాదిలో అనుమతి లేకుండా అమ్మితే 50,000 డాలర్లు లేదా అమ్మగా వచ్చిన సొమ్ము, రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉన్న మన తెలుగు కుర్రాళ్ళు బుక్ చేసినప్పుడు చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కే కాగితాల్లో ఇదీ ఒకటి. బండ్లు కావలసినన్ని తయారయ్యాక టెస్లా ఆ షరతు ఎత్తేసింది. కొరత పోయాక షరతుతోనూ పని ఉండదు కదా.

జపాన్‌లో టయోటా కథ వేరు. 2021లో ల్యాండ్ క్రూజర్ 300 వచ్చినప్పుడు అక్కడి డీలర్లు ఏడాది దాకా అమ్మబోమని హామీ రాయించుకున్నారు. బండ్లు తిరిగి అమ్ముడై, దేశం దాటి, చేరకూడని చేతుల్లోకి వెళ్తాయన్నది కంపెనీ చెప్పిన కారణం. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఎవరిని అడిగినా ల్యాండ్ క్రూజర్ విలువేంటో చెప్తారు. టయోటా భయం ఉత్తి మాట కాదు.

మన చట్టం ఏమంటుంది?

ఇలాంటి కాగితం రేపు ఎనికేపాడు హైవే పక్కనున్న షోరూంలోనో, హైదరాబాద్‌లోనో మన ముందు పెడితే ఏమవుతుంది? దీన్ని అర్థం చేసుకోవడానికి కృష్ణా డెల్టాలో అందరికీ తెలిసిన పోలిక ఒకటి ఉంది. అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం, పేదవాడికి ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మడం చెల్లదు. కొన్నవాడు ఏమీ సంతకం పెట్టకపోయినా, తెలియక కొన్నా, భూమి అతనికి దక్కదు. ఆ తర్వాత సవరణలొచ్చాయి, గడువులు మారాయి, అది వేరే కథ. అక్కడ ఆంక్ష చట్టంలో ఉంది, భూమికే అంటుకుని ఉంది, చేతులు ఎన్ని మారినా వెంట వస్తుంది.

కారు కంపెనీ షరతు అలాంటిది కాదు. అది ఇద్దరి మధ్య ఒప్పందం. సంతకం పెట్టిన మనిషికి అంటుకుంటుంది గానీ బండికి అంటుకోదు. మొదటివాడు మాట తప్పి అమ్మితే కంపెనీ అతని మీద దావా వేయవచ్చు. న్యాయంగా కొన్న రెండోవాడి దగ్గర నుంచి బండి లాక్కోలేదు. ఆర్టీవో ఆఫీసు కూడా ‘ఏడాది కాలేదు’ అని బదిలీ ఆపదు. ఆర్టీవో చూసేది మోటారు వాహనాల చట్టం. అందులో కంపెనీ కోరికలకు చోటు లేదు.

మొదటివాడి మీద దావా వేసినా కంపెనీకి అంత సులువు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించకుండా, సబబైన పరిహారమే. పూర్తి డబ్బు తీసుకుని బండి అమ్మేసిన కంపెనీకి, ఆ బండి ఇంకొకరి చేతికి పోతే వచ్చిన నష్టం ఎంత? పది లక్షలు నష్టమొచ్చిందని చెప్పడానికి వకీలు చాలా చెమటోడ్చాలి. అదే చట్టం 27వ సెక్షన్ వ్యాపారానికి అడ్డుపడే ఒప్పందాలు చెల్లవంటుంది. అలాగని ఆ కాగితం చిత్తు కాగితమనుకోవడం పొరపాటు. బండి ఇంకా అమ్మకముందే కంపెనీకి తెలిస్తే, ‘చేయను’ అని ఒప్పుకున్న పనిని ఆపమంటూ ఇంజంక్షన్ అడిగే దారి ఉంది. కోర్టు ఇస్తుందా ఇవ్వదా అన్నది తర్వాత మాట, అప్పటిదాకా వాయిదాల చుట్టూ తిరగాల్సింది కొన్నవాడే.

కంపెనీలు కూడా చట్టానికి అతీతం కాదు. డిస్కౌంట్లు ఇంతకు మించి ఇవ్వొద్దని డీలర్ల చేతులు కట్టేసినందుకు మారుతీ సుజుకీకి 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల జరిమానా వేసింది. అది డీలరు, కంపెనీ మధ్య విషయమే అయినా, మళ్ళీ అమ్మే దశలో కంపెనీ పెత్తనం ఎంతవరకు అన్న ప్రశ్న మన దేశంలోనూ అడుగుతున్నారని దాంతో తేలింది.

వినియోగదారుల చట్టం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2019 చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాట కొత్తగా చేరింది. కొనేవాడి మీద మోయలేని జరిమానా వేయడం, ఒకవైపే లాభముండే షరతులు రాయడం దాని కిందికి వస్తాయి. ఇలాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, నేరుగా రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. అది విజయవాడలోనే ఉంది. మామూలు ఫిర్యాదులకైతే కట్టిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్, ఆ పైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మళ్ళీ అమ్మడానికే కొన్నవాణ్ణి ఆ చట్టం వినియోగదారుడిగా చూడదు. సొంతానికి కొని, తర్వాత అవసరం పడి అమ్మినవాడికి రక్షణ ఉంది. లాభానికి కొని తిప్పేవాడికి ఆ గుమ్మం మూసే ఉంటుంది. డీలరు తరఫు వకీలు మొదట పట్టుకునేది ఈ పాయింటునే. మొదటి నెలలోనే ఓఎల్‌ఎక్స్‌లో పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్ ఒకటి చాలు.

పేరు ఇచ్చినవాడి పరిస్థితి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక మనిషికి ఒకే బండి, బుకింగ్ మార్చకూడదు, ఏడాది అమ్మకూడదు. ఇన్ని తాళాలు వేస్తే డబ్బున్నవాడు ఏం చేస్తాడు? ఇంకో మనిషిని వెతుక్కుంటాడు. ‘భాయ్, నీ పేరు మీద బుక్ చేద్దాం, డబ్బంతా నాదే, ఆరు నెలలయ్యాక నా పేరుకు మార్చేసుకుంటా. నీకు యాభై వేలు ఇస్తా.’ వినడానికి తేలిక. సంతకాలు పెట్టినందుకు యాభై వేలంటే గ్యారేజీలో రెండు మూడు నెలల జీతం.

ఆ సంతకంతో ఏమేం జరుగుతాయో ఒక్కొక్కటిగా చూడాలి. పది లక్షలు దాటిన కారు కొంటే ఒక శాతం టీసీఎస్ కట్టాలి. అది ఎవరి పాన్ మీద పడుతుందంటే పేరిచ్చినవాడి పాన్ మీద. 53 లక్షల కారు కొన్నట్టు ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళ రికార్డులోకి అతని పేరే ఎక్కుతుంది. నెలకు ఇరవై వేలు సంపాదించే మనిషికి ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చెప్పే జవాబు ఒక్కటే: ‘నాది కాదు, ఫలానా సేఠ్‌ది.’ ఆ జవాబుతో ఇంకో చట్టం తలుపు తెరుచుకుంటుంది. డబ్బు ఒకరిది, పేరు ఒకరిది అయితే అది బినామీ. 1988 నాటి చట్టాన్ని 2016లో సవరించారు. భూములకే కాదు చరాస్తులకూ అది వర్తిస్తుంది. శిక్ష ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా. డబ్బు పెట్టినవాడితో పాటు పేరిచ్చినవాడూ బోనులో నిలబడాల్సిందే. భార్యాపిల్లల పేరు మీద, లెక్క చూపించగల సొంత సంపాదనతో కొంటే అది ఇందులోకి రాదు. అన్న దోస్తు పేరు మీద కొంటే వస్తుంది.

ఇంకొకటి, ఇంటి ఆడవాళ్ళకు ముందు తెలిసేది. మన రాష్ట్రంలో బియ్యం కార్డు, పింఛను, తల్లికి వందనం లాంటి పథకాలకు అర్హత చూసేటప్పుడు ఇంట్లో ఎవరి పేరు మీదైనా నాలుగు చక్రాల బండి ఉందా అని చూస్తారు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. స్పోర్ట్స్ కారుకు లేదు. సచివాలయానికి వెళ్తే కంప్యూటర్‌లో ‘ఫోర్ వీలర్’ అని చూపిస్తుంది. ‘అది మాది కాదు, మా ఆయన పేరు వాడుకున్నారంతే’ అంటే అక్కడి ఉద్యోగి మాత్రం ఏం చేయగలడు? ఆరు నెలల్లో తీసేస్తామన్న పేరు ఏడాదిన్నరైనా తీయకపోతే అంతకాలం ఆ ఇంటి పింఛను, పిల్లల డబ్బులు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇక యాక్సిడెంట్ మాట. బండి ఎవరు నడిపినా, ఎవరి ఇంటి ముందు ఉన్నా, ఆర్‌సీ మీద ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని అతనే. ఒక బండి చేతులు మారుతూ పోయినా ఆర్‌సీలో పేరు మారనందువల్ల, పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న పాత యజమాని మీదే పడుతుందని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గంటకు రెండొందల కిలోమీటర్లు పోగల బండికి పేరు అరువివ్వడం అంటే ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఇన్సూరెన్సు సరిగ్గా లేకపోతే ట్రైబ్యునల్ వేసే లక్షలు వసూలు చేసేది సేఠ్ దగ్గర కాదు.

అప్పు తీసుకుని కొంటే సంగతి చెప్పనక్కర్లేదు. కిస్తీలు ఆగిపోతే సిబిల్‌లో పడే మచ్చ పేరిచ్చినవాడికే. రేపు సొంత ఇంటికో, కొడుకు చదువుకో బ్యాంకుకు వెళ్తే అప్పుడు తెలుస్తుంది.

ఆటోనగర్ బ్రోకర్లకు వచ్చే చిక్కు ఇంకో రకం. నోటి మాట మీద, ఖాళీ ఫారాల మీద సంతకాలతో బండ్లు అమ్మించడం దశాబ్దాలుగా సాగింది. 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు మారాయి. పాత బండ్లు కొని అమ్మే వ్యాపారి ఆర్టీవో దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. బండి వ్యాపారి చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలపాలి. తెలిపిన తర్వాత అమ్ముడయ్యేదాకా ఆ బండి బాధ్యత అతనిదే. అమ్మే ఇంటివాళ్ళకు ఇది మేలు, ఎందుకంటే పాత భయం పోతుంది. చిన్న వ్యాపారికి మాత్రం కాగితం పని, ఖర్చు పెరిగాయి. 2025 జనవరి నుంచి లాభం మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కూడా అన్ని రకాల పాత కార్లకూ ఒకేలా వర్తిస్తోంది. ఇద్దరు మామూలు మనుషులు ఒకరికొకరు అమ్ముకుంటే ఆ పన్ను లేదు. ఈ తేడా తెలియక ‘జీఎస్టీ’ పేరుతో ఇళ్ళవాళ్ళ దగ్గర డబ్బు కోసేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త.

గల్ఫ్ నుంచి కారు తెచ్చుకోవచ్చా?

బండి అమ్మకూడదన్న షరతు మన ఇళ్ళకు నిజంగా దగ్గరగా వచ్చేది ఇక్కడ. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఏళ్ళు కష్టపడి, అక్కడ ముచ్చటపడి కొన్న కారును తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవాలని చాలామందికి ఉంటుంది. అక్కడ ఆ బండి చవక, ఇక్కడ అదే బండి రెట్టింపు. కానీ దారి అనుకున్నంత వెడల్పు లేదు. దిగుమతి చేసుకునే వాడిన కారు మూడేళ్ళకు మించి పాతది కాకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. గల్ఫ్ బండ్ల స్టీరింగు ఎడమవైపు. దీంతోనే సగం కలలు ఆగిపోతాయి. మిగిలిన సగం సుంకం దగ్గర ఆగిపోతాయి. వాడిన కారుకు కట్టే పన్నులన్నీ కలిపితే బండి విలువను దాటిపోతాయి.

శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్ళకు నివాస మార్పిడి కింద ఒక కారు తెచ్చుకునే వీలు ఉంది. విదేశంలో కనీసం రెండేళ్ళు వరసగా ఉండి ఉండాలి, కారు ఏడాదైనా తన దగ్గర ఉండి ఉండాలి. అలా తెచ్చిన బండిని రెండేళ్ళు అమ్మకూడదన్న షరతు ఈ దారికి ఎప్పటినుంచో ఉన్నదే. ఇది కంపెనీ షరతు కాదు, కస్టమ్స్ షరతు. ఫోర్డ్‌తో రాజీ పడినట్టు కస్టమ్స్‌తో పడటం కుదరదు. బండిని పట్టుకుపోయే అధికారం వాళ్ళకుంది.

ఈ అడ్డంకులన్నీ ఉండబట్టే దొంగ దారులు పుట్టాయి. 2025 మేలో విదేశీ కార్ల విలువ తగ్గించి చూపారన్న ఆరోపణ మీద హైదరాబాద్‌కు చెందిన ఒక డీలరును డీఆర్‌ఐ అరెస్టు చేసింది. బండ్లను దుబాయ్, శ్రీలంకలకు పంపి అక్కడ ఎడమ స్టీరింగును కుడికి మార్పించి తెచ్చారన్నది అధికారుల మాట. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో భూటాన్ నుంచి దొంగతనంగా వచ్చాయన్న కార్ల కోసం ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో సోదాలు చేసి మూడు డజన్ల దాకా బండ్లు పట్టుకున్నారు. సినిమావాళ్ళ ఇళ్ళకూ వెళ్ళారు. ‘మేం కాగితాలు చూసే కొన్నాం’ అన్నది కొన్నవాళ్ళలో చాలామంది జవాబు.

కాగితాలు చూసి కొన్నవాడికి రక్షణ ఎంత? ఒక పోర్షె కారెరా కేసులో 2024 ఆఖర్లో సుప్రీంకోర్టు దీనికి కొంత జవాబు చెప్పింది. ఆ స్పోర్ట్స్ కారు కేరళకు చెందిన ఒకతను దిగుమతి చేసుకున్నది, తర్వాత రెండు చేతులు మారింది. దిగుమతి సమయంలో తక్కువ పడిన సుంకాన్ని ఆఖరున కొన్నవాడి దగ్గర వసూలు చేయాలని కొచ్చి కస్టమ్స్ చూసింది. హైకోర్టు కస్టమ్స్ వైపు నిలిచింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దిగుమతిదారు అంటే బండిని దేశంలోకి తెచ్చినవాడే గానీ, తర్వాత బజారులో కొన్నవాడు కాదు, సుంకం అతన్ని అడగలేరు అంది. పెద్ద ఊరటే. కానీ అది దొరికింది ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక. పోర్షె కొనగలిగినవాడు అంత దూరం నడవగలడు.

లారీల వాళ్ళు అంత నడవలేరు. అనంతపురం జిల్లా కేసు ఆటోనగర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు ఆదేశించింది. మిగిలిపోయిన లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4 అని రిజిస్టర్ చేయించి, మన రాష్ట్రానికి తెచ్చి నడిపారని, అమ్మారని 2020లో కేసులు పెట్టారు. రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. ‘అమ్మకూడదు’ అని ఎవరికో చెప్పిన మాటకు, తెలియక కొన్న మూడో మనిషి నష్టపోయే తీరు ఇదే.

షరియత్ వైపు నుంచి

ఈ షరతు గురించి అడిగితే ఉలమా చెప్పే మాట కూడా దగ్గరదగ్గరగా ఇలాగే ఉంటుంది. అమ్మకం పూర్తయ్యాక సరుకు మీద హక్కు కొన్నవాడిదే అనేది మూలం. ఆ హక్కుకు అడ్డుపడుతూ, ఒక పక్షానికే లాభం చేసే షరతును అమ్మకంలో కలిపితే హనఫీ ఫిఖ్‌లో ఆ సౌదా ఫాసిద్ కిందకు వస్తుంది. జనంలో వాడుకగా స్థిరపడిన షరతులకు మాత్రం వెసులుబాటు ఉంది. హంబలీ పద్ధతిలో షరతులకు ఇంకొంచెం చోటిస్తారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం మాత్రం అందరి దగ్గరా ఒకటే.

అంతకంటే మన కుర్రాళ్ళకు ఎక్కువ పనికొచ్చేది ఖబ్జా మాట. సరుకు చేతికి రాకముందే, తన స్వాధీనంలో లేనిదాన్ని లాభానికి అమ్మడం మీద హదీసుల్లో మనాహీ ఉంది. బండి ఇంకా ఫ్యాక్టరీలో ఉండగానే బుకింగ్ రసీదును పైన డబ్బు తీసుకుని ఇంకొకరికి అప్పగించే వ్యాపారం సరిగ్గా అక్కడే చిక్కుకుంటుంది. తమ సొంత సంగతి ఏమిటన్నది తమ మొహల్లా ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తేల్చుకోవడమే మేలు.

సంతకానికి ముందు

షోరూంలో కాగితాల కట్ట ముందు పెట్టినప్పుడు ఇంగ్లిషులో ఉందని వదిలేయకుండా ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించాలి. చూడాల్సింది అమ్మకూడదన్న గడువు ఎంత, అమ్మితే వారంటీ పోతుందా, జరిమానా అంకె రాశారా, ‘ముందు మాకే అమ్మాలి’ అంటే ఏ ధరకు అన్నది. ధర రాయకుండా మాకే అమ్మాలని రాస్తే, అవసరానికి అమ్ముకునే రోజు వాళ్ళు చెప్పిందే ధర అవుతుంది. హామీ కింద ఖాళీ చెక్కు అడిగితే ఇవ్వకూడదు. అది బౌన్స్ అయితే కథ సివిల్ దావా నుంచి క్రిమినల్ కేసులోకి పోతుంది.

అమ్మేటప్పుడు బండి, తాళం ఇచ్చేసి చేతులు దులుపుకోవడం పనికిరాదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రంలో అయితే 45 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీవోకు తెలపాలి. కొన్నవాడికి 30 రోజులు. ఫారం 29, 30 నింపి, తేదీ వేసి, ఒక కాపీ ఇంట్లో ఉంచుకోవాలి. తేదీ లేని ఖాళీ ఫారం మీద సంతకం పెట్టడమంటే ఆ బండి చేసే ప్రతి తప్పుకూ పూచీ ఉన్నట్టే.

సెకండ్ హ్యాండ్‌లో విదేశీ కారు కొనేవాళ్ళు ఆర్‌సీతో పాటు బిల్ ఆఫ్ ఎంట్రీ అడగాలి. అది కస్టమ్స్‌లో బండి దిగినప్పటి కాగితం. ఎవరి పేరు మీద దిగింది, ఏ తేదీన, ఏ మోడల్, ఏ ఛాసిస్ నంబరు అన్నది అందులో ఉంటుంది. దాని నంబరును బండి మీద చెక్కిన నంబరుతో పక్కపక్కన పెట్టి చూడాలి. రెండేళ్ళ షరతు ఉంటే గడువు ఎప్పుడు తీరుతుందో ఆ తేదీని బట్టి లెక్కేసుకోవచ్చు. పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొడితే ఫైనాన్స్ ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నది కనిపిస్తుంది. నంబరు వేరే రాష్ట్రానిదైతే ఎన్‌వోసీ అక్కడి నుంచి నిజంగా వచ్చిందో లేదో మన ఆర్టీవోలో తేల్చుకున్నాకే బయానా ఇవ్వాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ ‘ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తా’ అన్నవాడి దగ్గర బేరం అక్కడితో ఆపేయడం మంచిది.